మ్యూట్‌లో లేని గాజులు

పరిచయమైన మొదటి రోజే మేధ అతని పనిలో పద్నాలుగు తప్పులు పట్టుకుంది.

ఇద్దరూ ఒకే హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగులు. ప్రోగ్రామ్ రాసేది భార్గవ్, రేపల్లెలో వాళ్ళింటి ముందు గదిలోంచి. అతను రాసిందాంట్లో తప్పులు వెతికేది మేధ, తెనాలిలో వాళ్ళింటి వెనక వరండాలోంచి. నెట్ అంతంతమాత్రం కాబట్టి కెమెరాలు ఆపేసుకోమని టీమ్ లీడ్ కరుణ మొదట్లోనే చెప్పేసింది. అంచేత ఆ రోజు పోట్లాటంతా గొంతులతోనే జరిగింది.

"పద్నాలుగా? అంత కక్షేంటండి నా మీద?"

"మీ మీద కాదండి, మీ లాగిన్ పేజీ మీద. పాస్‌వర్డ్ తప్పు కొట్టినా లోపలికి రమ్మంటోంది."

"అది మర్యాదండి. మా రేపల్లెలో ఎవరొచ్చినా తలుపు తీస్తాం."

"మా తెనాల్లో 'ఎవరూ?' అని అడిగి తీస్తాం."

కరుణ గొంతు సవరించుకుంది. "ఆ తలుపేదో సాయంత్రంలోగా బాగు చెయ్యండి. తర్వాత ఎవరైనా తియ్యండి, ఎవరైనా ముయ్యండి."

ఇంత దర్జాగా మాట్లాడిన మేధ అప్పటికి ఏ అవతారంలో ఉందో చెప్పకపోతే కథకి అన్యాయం చేసినట్టవుతుంది. టైము పదకొండు. ఒంటి మీద నిన్నటి నైట్‌సూట్. నెత్తిన ఒక క్లిప్పు, దానికి అందకుండా నాలుగు వైపులా పారిపోతున్న జుట్టు. కాలర్ మీద టూత్‌పేస్ట్ మరక.

ఆమెకి రెండడుగుల దూరంలో చాప మీద వాళ్ళమ్మ నాగరత్నం కూర్చుని ఉంటుంది. పట్టుచీరల పమిట చెంగులకి కుచ్చులు కట్టడం ఆవిడ పని. పాతికేళ్ళుగా ఆ వరండాలోనే చేస్తోంది. పొద్దున్నే తలారా స్నానం చేసి, గంజిపెట్టిన నేత చీర కట్టుకుని, కుంకుమ దిద్దుకుని, చేతికి డజనేసి ఆకుపచ్చ గాజులతో వచ్చి కూర్చుంటుంది. దారం చుట్టి ముడి వేసినప్పుడల్లా ఆ గాజులు గలగలమంటాయి.

"గుమ్మం కూడా దాటవు కదమ్మా! ఎవరు చూస్తారని ఇంత తయారవుతావు?" అని మేధ ఒకసారి అడిగింది.

"ఎవరో చూడాలేంటి? పనికి కూర్చుంటున్నాను కదే! పాచిమొహంతో కూర్చుంటే నాకు చెయ్యి ఆడదు. నిన్ను చూస్తే ఉద్యోగం చేస్తున్నావో, జొరం పడి లేచావో తెలీట్లేదు."

మేధ నవ్వేసి నైట్‌సూట్‌లోనే టిఫిన్ తినేసింది.

రోజులు గడిచేకొద్దీ పోట్లాటలు కబుర్లయ్యాయి. అతని మైకులోంచి రేపల్లె మొత్తం వినిపించేది. స్టేషన్లో రైలు కూత, వీధిలో పూలమ్మే మనిషి కేక, ఎప్పుడైనా రేకుల మీద వాన. అక్కడ వాన మొదలైన అరగంటకి తెనాలికి వచ్చేది.

"వస్తోందండి, బట్టలు తీసుకోండి," అనేవాడు భార్గవ్.

మేధ దండెం మీది బట్టలు తీసి లోపల పడేసి, మళ్ళీ వచ్చి కూర్చునేది. అతని వైపునుంచి బయల్దేరిన వాన తన వరండా దాకా వచ్చేసరికి ఎందుకో కళ్ళు మూసుకోవాలనిపించేది. చూడని మొహానికి రోజుకో ముక్కు, రోజుకో నవ్వు పెట్టి చూసుకునేది. ఏ మొహమైనా ఆ గొంతుకి అతికినట్టే ఉండేది.

మూడో వారంలో ఒక సాయంత్రం అందరూ కాల్ వదిలి వెళ్ళిపోయాక భార్గవ్ ఆగాడు.

"మేధగారూ, ఒక మాట. ఏమీ అనుకోరు కదా?"

"విన్నాక చెప్తానండి."

"మీ గాజులు వినిపిస్తుంటాయండి నాకు."

మేధ తన బోసి చేతుల వంక చూసుకుంది.

"ఇంట్లో కూర్చుని చేసే పని. కెమెరా కూడా లేదు. అయినా గాజులేసుకుని, ఆఫీసుకెళ్ళినంత పద్ధతిగా కూర్చుంటారు మీరు. నేనేమో బనీను, లుంగీ, వారం గడ్డం. నా మీద నాకే సిగ్గేసిందండి. ఇవాళ గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ కూర్చున్నాను. పెళ్ళిచూపులకేమో అనుకుని మా అమ్మ కాఫీలో చక్కెర ఎక్కువేసింది."

పక్కనే నాగరత్నం ముడి బిగించింది. గాజులు గలగలమన్నాయి.

నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. 'అవి మా అమ్మవండి.' ఆ ముక్క మేధ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అతని గొంతు అంత మెత్తగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ మెత్తదనం ఇంకాస్సేపు ఉంటే బాగుండనిపించింది.

"అలవాటండి," అనేసింది.

మర్నాడు నాగరత్నం పూర్తయిన చీరలు ఇచ్చిరావడానికి చీరాల వెళ్ళింది. వరండా నిశ్శబ్దంగా ఉంది. కాల్ మొదలైన పది నిమిషాలకే భార్గవ్ అడిగాడు.

"ఇవాళ గాజులు లేవేంటండి? ఒంట్లో బాగానే ఉందా?"

"ఒక్క నిమిషం," అని మేధ మ్యూట్ నొక్కి ఇంట్లోకి పరిగెత్తింది. అమ్మ గాజుల పెట్టె తీసి చేతికందినన్ని తొడుక్కుని వచ్చింది. అవి వదులు. టైప్ చెయ్యబోతే కీబోర్డుకి తగులుతున్నాయి. ఏం చేస్తుంది? టైపింగ్ ఆపడం, చెయ్యి పైకెత్తి ఊపడం, మళ్ళీ టైప్ చెయ్యడం. అలా నిమిషానికోసారి గంట సేపు ఊపింది. ఆ ఊపులో ఒక గాజు జారిపడి వరండా చివరిదాకా దొర్లుకుంటూ పోయింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"పిల్లి అండీ!"

అవతల భార్గవ్ టైపింగ్ ఆపాడు. తర్వాత, "సరేనండి," అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు ఆరేస్తూ మేధ అతని ఊహలో ఉన్న అమ్మాయిని తలుచుకుంది. తెల్లారేసరికి స్నానం చేసి, జడ వేసుకుని, నిండుగా గాజులతో కూర్చునే అమ్మాయి. భార్గవ్ చొక్కా ఇస్త్రీ చేసుకునేది ఆ అమ్మాయి కోసం. ఆ అమ్మాయి లేనే లేదు. అయినా మేధకి ఆమె మీద ఒళ్ళు మండింది.

మర్నాడు అలారం మోగగానే లేచింది. అబద్ధంలో సగమైనా నిజం చేద్దామని తలస్నానం చేసి, ఇస్త్రీ కుర్తా వేసుకుని, బొట్టు పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. నాలుగు రోజులు అతని కోసమే అనుకుంది. ఐదో రోజు భార్గవ్ సెలవు పెట్టాడు. అయినా మేధ తయారైంది. ఎందుకో తనకే తెలియలేదు. నిటారుగా కూర్చుంటే పని చకచకా సాగిపోతోంది, అద్దం ముందునుంచి వెళ్తుంటే కాళ్ళు కాసేపు ఆగుతున్నాయి.

"జొరం తగ్గినట్టుందే," అంది నాగరత్నం దారం కొరుకుతూ.

గాజులు మాత్రం వేసుకోలేకపోయింది. వాటితో పని సాగదు. కాబట్టి అతనికి వినిపిస్తున్నవి ఇప్పటికీ అమ్మవే.

ఇంతలో కరుణ బాంబు పేల్చింది. ఆదివారం ఆమె బాపట్లలో అత్తగారింటికి వస్తోంది. ఈ చుట్టుపక్కల ఉన్న టీమ్ వాళ్ళంతా సూర్యలంక బీచ్‌కి రావాలి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవాలి.

నిమిషంలో భార్గవ్ మెసేజ్ వచ్చింది. 'అయితే ఆదివారం ఆ గాజుల్ని చూడొచ్చన్నమాట!'

మేధ ఆ మెసేజ్ మళ్ళీ మళ్ళీ చదువుకుంది. నిజం చెప్తే ఆ మెత్తటి గొంతు మళ్ళీ తనకోసం మాట్లాడదేమో. చెప్పకపోతే, ఆ గొంతు ఎప్పటికీ వేరే అమ్మాయితోనే మాట్లాడుతుంది.

ఆదివారం పొద్దున నాగరత్నం తనే గాజుల పెట్టె తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"నేను చీరాల వెళ్ళిన రోజున ఆకుపచ్చవాటిలో ఎర్రవి కలిశాయి. అప్పుడే అనుకున్నాను. ఎవరే?"

మేధ మొత్తం చెప్పేసింది. చెప్తూ చెప్తూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"అయితే ఇవాళ ఇవి వేసుకెళ్తావా, ఉన్నమాట చెప్తావా?"

"చెప్పేస్తానమ్మా. పోతే పోనీ."

నాగరత్నం పెట్టె మూసేసింది. "సరే, చేతులు అలాగే ఉండనీ. జడ మాత్రం నేనేస్తాను, ఇటు తిరుగు."

బాపట్లలో రైలు దిగి, మేధ సూర్యలంక షేర్ ఆటో ఎక్కింది. ఆకాశం మబ్బుపట్టి ఉంది. ఎదురు సీట్లో ఒక కుర్రాడు వీపు వెనక్కి ఆనించకుండా కర్రలా కూర్చున్నాడు. ఆకాశం రంగు చొక్కా. దాని ఇస్త్రీ మడతలకి చెయ్యి తెగేలా ఉంది.

"బాబాయ్, కొంచెం మెల్లగా పోనివ్వండి. చొక్కా నలిగిపోద్ది," అన్నాడు డ్రైవర్‌తో.

మేధ చటుక్కున తలెత్తింది. ఆ గొంతు! ఆమె పెట్టి చూసుకున్న ముక్కుల్లో ఇది లేదు. అన్నిటికంటే ఇదే బాగుంది. ఆమె మాట్లాడలేదు కాబట్టి అతనికి ఆమె ఎవరో తెలియదు. సరుగుడు తోటల మధ్య ఆటో వెళ్తున్నంతసేపూ, ఉప్పుగాలి తగిలేదాకా, అతన్ని తనివితీరా చూసుకుంది. చెప్పేశాక ఇలా చూసే అవకాశం ఉంటుందో ఉండదో.

ఆటో దిగాక వెనకనుంచి పిలిచింది. "పదిహేనో తప్పండి."

అతను ఉలిక్కిపడి తిరిగాడు.

"గుండీలన్నీ ఒక కాజా తేడాగా పెట్టుకున్నారు."

భార్గవ్ చొక్కా వంక చూసుకుని, ఆమె వంక చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "మేధగారా!"

"ముందు నేను చెప్పేది వినండి. తర్వాత మీ ఇష్టం." చేతులు రెండూ చాచి చూపించింది. "ఆ గాజులు నావి కావు. మా అమ్మవి. పక్కనే కూర్చుని చీరలకి కుచ్చులు కడుతుంది. మీరు నాకోసం గడ్డం గీసుకున్న రోజు నేను ముందురోజు నైట్‌సూట్‌లో ఉన్నాను. మొహం కూడా సరిగ్గా కడుక్కోలేదు. అలవాటని అబద్ధమాడాను."

భార్గవ్ గుండీలు సరిచేసుకుంటూ అన్నాడు, "తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"మీ పిల్లి దొర్లిన రోజు నుంచి."

మేధ చాచిన చేతులు దించేసింది.

"అంతకుముందు గాజులూ కీబోర్డూ కలిసి వినిపించేవి. ఆ రోజు మాత్రం టైపింగ్ ఆగేది, గాజులు మోగేవి, మళ్ళీ టైపింగ్. అప్పుడర్థమైంది, రోజూ మోగేవి వేరే ఎవరివోనని."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తానండి? రోజూ మోగేవి నాకోసం కాదు. ఆ రోజువి నాకోసం. పని ఆపుకుని, చేతికి పట్టని గాజులేసుకుని, నాకు వినపడాలని గంటసేపు ఊపారు మీరు. నేను పడిపోయింది ఆ చప్పుడికండి."

"చేతికి పట్టవని మీకెలా తెలుసు?"

"పిల్లి అంతదూరం దొర్లింది కదండి!"

మేధ ఏడవబోయి నవ్వేసింది. అంతలో చినుకు పడింది. బట్టలు తీసుకోమని చెప్పడానికి ఎవరికీ వ్యవధి లేదు. ఈసారి వాన ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. అంత జాగ్రత్తగా తెచ్చిన ఇస్త్రీ చొక్కా నిమిషంలో ఒంటికి అతుక్కుపోయింది. భార్గవ్‌కి ఆ సంగతే పట్టలేదు.

సోమవారం కాల్‌లో కరుణ, "ఎలాగూ మొహాలు చూసుకున్నాం కదా, నెట్ ఎంతసేపుంటే అంతసేపు కెమెరాలు పెట్టండి," అంది.

మేధ కెమెరా పెట్టింది. తెర మీద రేపల్లె గది వెలిగింది. నున్నటి గడ్డం, తెల్ల చొక్కా, ఈసారి గుండీలన్నీ సరైన కాజాల్లోనే ఉన్నాయి.

చాప మీంచి నాగరత్నం మెడ సాచి చూసింది. "ఎవరే ఆ అబ్బాయి? పొద్దున్నే అంత శుభ్రంగా తయారయ్యాడు, ఎవరింటికి వెళ్తున్నాడు?"

మేధ మ్యూట్‌లో లేదు.

"మీ ఇంటికేనండి," అన్నాడు భార్గవ్ లేచి నిలబడి. "వచ్చే ఆదివారం, అమ్మానాన్నల్ని తీసుకుని. మీరు సరేనంటే."

నాగరత్నం చేతిలో ముడి సగంలో ఆగింది. గాజులు ఆగిపోయాయి. తెనాలిలోనూ రేపల్లెలోనూ రెండు గుండెలు ఆ గాజుల కోసం ఎదురుచూశాయి.

ఆవిడ కూతురి మొహం వంక చూసింది. పమిట సర్దుకుని కెమెరా వైపు వంగింది.

"ఆదివారం మేధ వాళ్ళ నాన్నగారు ఊళ్ళో ఉండరు బాబూ. శనివారం రండి."

ఆ మాట అని ముడి బిగించింది. గాజులు గలగలమన్నాయి.