షూటింగు చొక్కా

ఆ రోజు ఆ ఇంట్లో ఆరుగురున్నారు. వంటింట్లో తూటా వాళ్ళమ్మ. ముందు గదిలో కెమెరా కాళ్ళు బిగిస్తున్న డైరెక్టర్ సారు. సోఫాకి ఆ చివర బొంగురు, ఈ చివర డప్పు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం. లోపలి గదిలో చొక్కా మార్చుకుంటున్న తూటా. కిటికీ పక్కన వైర్ల చుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఈ ఇంట్లోంచి ఎలా మాయమైపోవాలా అని ఆలోచిస్తున్న, షూటింగుకి మాటలు రికార్డు చేసే సౌండమ్మాయి.

తూటా, డప్పు, బొంగురు, ఈ ముగ్గురిదీ ఒకప్పుడు 'లిఫ్ట్ లేదు' అనే ర్యాప్ గ్రూపు. లిఫ్ట్ లేని ఐదంతస్తుల మేడ మీద ప్రాక్టీసు చేసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. మాటలు రాసి, గుక్క తిప్పుకోకుండా వదిలేవాడు తూటా. నోటితో దరువు వేసేవాడు డప్పు. పల్లవి అందుకునేవాడు బొంగురు. తొమ్మిదేళ్ళు ఊరూరా పాడారు. ఒక పాటైతే పిల్లా పెద్దా అందరి నోళ్ళలో నానింది. ఆ తర్వాత పోస్టరు మీద ఎవరి బొమ్మ ముందుండాలి అన్న దగ్గర చెడింది. ఇప్పుడు బొంగురుకి టైర్ల షాపు. డప్పు బడిలో డ్రిల్లు మాస్టారు. తూటా బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో చెబుతాడు. అదీ నిదానంగా, రెండేసి సార్లు.

వాళ్ళ కథే సారు తీస్తున్న డాక్యుమెంటరీ. ముగ్గురికీ మాటల్లేవు కాబట్టి, రెండేళ్ళుగా ఒక్కొక్కరి ఇంటికీ విడిగా వెళ్ళి తీశారు. అడిగిందే అడిగి సారు అలిసిపోయాడు. చెప్పిందే చెప్పి వాళ్ళు అలిసిపోయారు. విన్నదే విని సౌండమ్మాయి చెవులు అలిసిపోయాయి. ఇవాళ ముగ్గుర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి తీసేస్తే షూటింగు అయిపోయినట్టే.

అయిపోతే, తూటాకి ఫోన్ చెయ్యడానికి ఆమెకి ఇంక వంక ఉండదు.

ఆ వంక ఒక చొక్కా. వేరు వేరు రోజుల్లో తీసిన ముక్కల్ని కలిపితే ఒకేరోజు మాట్లాడినట్టు కనిపించాలంటే, మనిషి చొక్కా మారకూడదు. షూటింగుకి ముందురోజు ముగ్గురికీ ఫోన్ చేసి ఆ సంగతి గుర్తు చెయ్యడం ఆమె పని. మిగతా ఇద్దరూ "ఆఁ ఆఁ" అని పెట్టేసేవారు. తూటా పెట్టేవాడు కాదు.

"ఉతికి ఆరేశానండీ సౌండ్‌గారూ. మబ్బు పట్టింది. ఆరకపోతే మీదే పూచీ."

"ఫ్యాను కింద వెయ్యండి."

"ఫ్యాను చప్పుడు మీకు పడదుగా."

"ఇప్పుడు నేనక్కడ లేనుగా!"

"అదేగా బాధ," అని అప్పుడు పెట్టేసేవాడు.

ఏడాది కిందట సారు మనసు మార్చుకున్నాడు. "కాలం గడుస్తున్నట్టు తెలియాలి. ఇకనుంచి ఎవరికి నచ్చింది వాళ్ళని వేసుకోమను," అన్నాడు. ఆమె బొంగురుకి చెప్పింది. డప్పుకి చెప్పింది. తూటా నంబరు నొక్కింది. "చెప్పండి సౌండ్‌గారూ" అన్న గొంతు వినగానే, "చొక్కా గుర్తుందిగా?" అనేసింది.

అలా పదకొండు సార్లు. నిన్న సాయంత్రం నిజం చెప్పేద్దామనే ఫోన్ చేసింది. పన్నెండోసారీ అదే మాట వచ్చింది.

తూటా గదిలోంచి బయటికి వచ్చాడు. చిలకపచ్చ చొక్కా వెలిసి వెలిసి ఎండుగడ్డి రంగుకి దిగింది. మోచేతి దగ్గర అతుకు. సోఫా మీది ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"చొక్కాలేవిరా?"

మూడేళ్ళ తర్వాత స్నేహితులతో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"వేసుకునే ఉన్నాంగా. కళ్ళు కూడా పోయాయా?" అన్నాడు బొంగురు.

"షూటింగు చొక్కాలు?"

"అవి పారేసి ఏడాదైంది. వద్దన్నారుగా, నీకు చెప్పలేదా?" అన్నాడు డప్పు.

సారు తల గోక్కున్నాడు. "నీకు ఉన్నది అదొక్కటేనేమో అనుకున్నానయ్యా. అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా వచ్చింది. "అంటే ఈ పీలికని ఏడాదిగా నేను ఊరికే ఉతుకుతున్నానా? బీరువాలో చొక్కాలు మూలుగుతుంటే, ఊరంతా మావాణ్ణి దిక్కులేనివాడనుకోవాలా? ఎవర్రా నీకిది వేసుకోమని చెప్పింది?"

తూటా చొక్కా చేతులు మడుచుకోసాగాడు. మిగతా నాలుగు జతల కళ్ళూ ఒకటొకటిగా కిటికీ వైపు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. వాన పడితే సౌండు పాడవుతుందని రెండేళ్ళుగా తిట్టుకున్న అమ్మాయి, ఇంకా గట్టిగా పడితే బాగుండును అనుకుంది.

"మర్చిపోయారా సౌండ్‌గారూ?" అన్నాడు తూటా మెల్లగా.

అవునంటే చాలు, పరువు దక్కుతుంది. కానీ అబద్ధం మొయ్యడానికి ఆమెకి ఇంక ఓపిక లేదు.

"పన్నెండు సార్లు ఎవరైనా మర్చిపోతారా?" అంది. "చొక్కా సంగతి లేకపోతే మీతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు."

అనేసి, వైర్ల చుట్ట అక్కడే పడేసి, వరండాలోకి పరుగెత్తింది. షూటింగు వ్యాను రోడ్డుకి అవతల ఉంది. మధ్యలో వాన.

వెనకాలే తూటా వచ్చాడు. లోపల్నుంచి బొంగురు, డప్పు ఒకేసారి నవ్వడం వినిపించింది.

"నాకు తెలుసు," అన్నాడతను.

"ఏం తెలుసు?"

"ఆరు నెలల కిందట బస్టాండు ముందు డప్పుగాడు మీ వ్యానులోంచి దిగాడు. షూటింగు నుంచే వస్తున్నాడు, ఒంటి మీద ఎర్ర టీషర్టు. అప్పుడే అర్థమైంది."

ఆమెకి ఒళ్ళు మండింది. "మరి అడగరేం? ఆరు నెలలు నన్ను ఆడించారా?"

"అడిగితే మీరు ఫోన్ మానేస్తారు." అతను గోడకి చేరగిలబడ్డాడు. "ఆ పాత గొప్పలు చెప్పీ చెప్పీ అవి నావేనా అన్నంత విసుగొచ్చింది. ఎన్నిసార్లు మానేద్దామనుకున్నానో. ముందురోజు మీ ఫోన్ వస్తుంది కదా అని ఒప్పుకునేవాణ్ణి. ఇవాళ ఆఖరిరోజు. ఇంక పోయేదేముందని చొక్కాల సంగతి వాళ్ళని అడిగేశాను."

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో గుమ్మంలో అమ్మ.

"అమ్మా, ఆ పిల్ల లేకుండా నేనెలా తీసేది?" అని లోపల్నుంచి సారు మొత్తుకుంటున్నాడు.

"వానలో ఎలాగూ తియ్యలేరు, కూర్చోండి బాబూ," అని, అమ్మ ఆమె వైపు తిరిగింది. "ఇదిగో అమ్మాయ్, వాన తగ్గేలోపు ఇద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండి. ఆనక మీ ఇంట్లో పెద్దవాళ్ళ నంబరు చెప్పు. నీలా నాకు వంకలు అక్కర్లేదు, నేను సూటిగానే అడుగుతాను."

"అది కాదండీ ఆంటీ..." అని ఆమె ఒక అడుగు ముందుకేసేసరికి, అమ్మ ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.