పెద్దల తోడు ఉంటేనే

పాపటోయిటోయిలోని ఆ పాత థియేటర్లో తెలుగు సినిమా పడే శనివారం సాయంత్రం దాన్ని థియేటర్ అనడానికి నోరు రాదు. అది పెళ్లివారి విడిదే. నగరానికి ఒక కొసనున్న టకానిని నుంచి, ఇంకో కొసనున్న ఆల్బనీ నుంచి కార్లొచ్చి ఆగుతాయి. వాటిలోంచి మొగుడూ పెళ్లాం దిగుతారు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత పాలసీసాలు, డైపర్ల సంచి, చివరికి బుట్టలో నిద్రపోతున్న పసిగుడ్డు. ఇక్కడి కివీలు సినిమాకి వెళ్లాలంటే పిల్లల్ని ఎవరికో ఒకరికి అప్పజెప్పి వెళతారు. మనవాళ్లు ఎవరికీ అప్పజెప్పరు. హీరో తలలు నరికినా, విలన్ పేగులు తీసినా, పిల్లవాడు పక్క సీట్లో చిప్స్ నములుతూ ఉండాల్సిందే.

ఆ విడిదికి గుమ్మం దగ్గర మనిషి శిరోమణి. వారమంతా ముసలివాళ్ల కేర్ హోమ్‌లో ఉద్యోగం చేస్తుంది. భర్త ఫ్రెడ్రిక్ హాలు అద్దెకి తీసుకుని తెలుగు సినిమాలు వేసినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి టికెట్లు చూస్తుంది, వయసులు అడుగుతుంది. మీసం మొలిచీ మొలవని కుర్రాళ్లు ఆమెను చూడగానే జేబులో ఐడీ కార్డు తడుముకుంటారు. పెద్దవాళ్లకి కూడా ఆమె అంటే కాస్త జంకే.

ఆ రోజు జులై వాన. సాయంత్రం ఐదుకే చీకటి పడిపోయింది. మధుబాబు చంకలో పాపతో, గొడవకి సిద్ధమై మరీ వచ్చాడు. వరంగల్ మనిషి, ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో పని.

"అక్కా, ముందే జెప్తున్న, లొల్లి జెయ్యకు. పాప పండుకున్నది. కండ్లు మూసుకొని ఏం జూస్తది?"

"పద తమ్ముడూ, లోపలికి పద," అంది శిరోమణి.

అతను నోరు తెరిచాడు. "గంతేనా? పోయినసారి కాళ్లమీద పడ్డా పోనియ్యకపోతివి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు, ఫ్రెడ్రిక్ అన్న ఊకున్నా నువ్వు ఊకోకపోతివి!"

"పోయినసారిది వేరు, ఇది వేరు," అంటూ ఫ్రెడ్రిక్ వచ్చాడు. ఈ ముక్క ఎవరైనా ఎత్తితే చాలు, అవతల సమోసాలు చల్లారిపోతున్నా అతనికి పట్టదు. పోస్టర్ మూల అంటించిన ఎర్ర లేబుల్ చూపించాడు. "పచ్చ లేబుల్ అంటే ఎవరైనా చూడొచ్చు. పసుపు అంటే ఎవరైనా రావచ్చు గానీ, పిల్లల్ని తెచ్చేముందు ఒకసారి ఆలోచించుకోవాలి. ఎరుపు అంటే మాత్రం చట్టం. పోయినసారిది ఆర్ 16. పదహారు నిండనివాడు తల్లి ఒళ్లో నిద్రపోతున్నా సరే, హాల్లో ఉండకూడదు. ఇవాళ్టిది ఆర్‌పీ 16. చిన్నపిల్లలకి అమ్మో నాన్నో, బాధ్యతగల పెద్దవాళ్లెవరో ఒకరు తోడుంటే చాలు."

"ఎవడు బెట్టిండన్నా గివన్నీ?"

"నిన్నామొన్నా పెట్టినవా? ఈ దేశంలో సినిమాల చట్టం వచ్చి వందేళ్లు దాటింది. ఒకప్పుడు ఒక సినిమాకైతే ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు కూర్చుని చూడాలని షరతు పెట్టారు."

"గా రూలు మంచిగుండె గదన్నా!" అన్నాడు మధుబాబు, భార్య వెనకే నిలబడి ఉందని మరిచిపోయి.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. శిరోమణి నవ్వలేదు. ఆమె చూపు లేబుల్ మీదే ఉంది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో, సినిమాలో ఏముందో హెచ్చరిక ఉంది. హింస, మరణం, మనసుని కలతపెట్టే దృశ్యాలు.

ఫ్రెడ్రిక్ అది గమనించాడు. అందరూ లోపలికి వెళ్లాక భార్య దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. "ఇందులో ఆసుపత్రి సీను ఉంది శిరోమణీ. నువ్వు లోపలికి రాకు."

"నేనెప్పుడొచ్చాను గనక," అంది.

నిజమే. రెండేళ్లుగా ఆమె ఆ హాల్లో అడుగు పెట్టలేదు. అలాగని ఇంట్లో ఉండమంటే ఉండదు. ఈ లాబీని వదిలి ఉండలేదు. ఎందుకంటే వాళ్ల ఒక్కగానొక్క కూతురు జోసఫిన్ ఈ లాబీలోనే పెరిగింది. సమోసాల బల్ల దానిదే. ఆర్ 16 సినిమా పడితే, గుమ్మం దగ్గర మనిషి కన్నకూతురైనా సరే, లోపలికి వెళ్లకూడదు కదా. బల్ల వెనక కూర్చుని, తలుపు సందులోంచి వచ్చే పాటలు వింటూ, "మమ్, సిక్స్‌టీన్ అయ్యాక ఫస్ట్ రో నాదే," అనేది. తెలుగు అర్థమయ్యేది గానీ నోటివెంట ఇంగ్లిషే వచ్చేది.

పదిహేనో ఏట జ్వరం వచ్చింది. మెదడుకి పాకింది. ఐసీయూలో డాక్టర్లంతా మంచం చుట్టూ మూగినప్పుడు, ఒక నర్సు శిరోమణి భుజం పట్టుకుని మర్యాదగానే బయటికి నడిపించింది. తలుపు మూసుకుంది. అది మళ్లీ తెరుచుకునేసరికి జోసఫిన్ లేదు.

బిడ్డ పోయినందుకు ఏ తల్లయినా ఏడుస్తుంది, ఆమె కూడా ఏడ్చింది. కానీ మూసిన తలుపు అవతల, ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య, అమ్మ చెయ్యి దొరక్కుండా ఒంటరిగా పోయిందే... ఆ కడుపుకోతకి ఏడుపు కూడా చాలదు. సమాధి దగ్గర పాస్టరుగారు, చిన్నపిల్లలకి పరలోకంలో అడ్డమే ఉండదమ్మా అన్నారు. శిరోమణి ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది.

సినిమా మొదలైంది. ఫ్రెడ్రిక్ సౌండ్ చూడటానికి మెట్లెక్కి ప్రొజెక్షన్ గదిలోకి వెళ్లాడు. లాబీ ఖాళీ అయింది. హాలు తలుపుల వెనక డప్పుల మోత, ఈలలు. వీధివైపు అద్దాల తలుపు మీద వాన. లోపల వేడి నూనె వాసన, తడిసిన కార్పెట్ వాసన. ఎదురుగా డైరీ షాపు దీపం వానలో మసగ్గా వెలుగుతోంది. పాలు, బ్రెడ్డు అమ్మే ఆ కొట్టు రాత్రి దాకా తెరిచే ఉంటుంది.

ఆ దీపం ఆరిపోయింది.

తర్వాత సమోసాల వాసన పోయింది. దాని చోట ఇంకో వాసన వచ్చింది. ఆసుపత్రిలో చేతులకి రాసుకునే మందు వాసన. కేర్ హోమ్‌లో రోజూ పీల్చేదే. తన చేతులదేనేమో అనుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

కాదు.

టక్... టక్...

అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు.

ఆలస్యంగా వచ్చినవాళ్లేమోనని వెళ్లింది. తలుపుకి తాళం లేదు, తోస్తే తెరుచుకుంటుంది. అవతలున్న మనిషి తోయడం లేదు. ఎవరైనా రమ్మంటే గానీ రానన్నట్టు, చేతులు దగ్గరగా పెట్టుకుని నిలబడి ఉంది. స్కూలు వానకోటు. ఒంటి జడ. శిరోమణి సరిగా కనబడక అద్దానికి ముఖం ఆనించింది. ఆమె ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది. అవతల అంతే దగ్గరగా ఇంకో ముఖం ఉంది...

ఆ వైపు ఆవిరి పట్టలేదు.

"అమ్మా."

మమ్ కాదు. అమ్మా.

"అమ్మా... దీనికి నువ్వు తోడుంటే రావచ్చటగా?"

శిరోమణి అద్దం మీద అరచెయ్యి ఆనించింది. అరవాలి. ఫ్రెడ్రిక్‌ని పిలవాలి. కానీ నోటివెంట వచ్చిన మాట వేరే.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదే?"

"వచ్చాను. పసుపు సినిమాలకి ఎవరినీ ఆపరుగా, నీ పక్కనుంచే లోపలికెళ్లేదాన్ని. నువ్వు చూసేదానివి కాదు. ఎర్రవాటికి బయటే ఆగిపోయేదాన్ని. నాకు పదహారు నిండలేదుగా." వానకోటు గుండీ తడుముకుంది. "ఇంక నిండవుగా అమ్మా."

శిరోమణి తలుపు తీసింది. భయం లేదా అంటే ఉంది, ఒళ్లంతా ఉంది. కానీ భయం కంటే ముందు చెయ్యి కదిలింది.

హాల్లో మొదటి వరస ఖాళీగా ఉంది. మెడ నొప్పని అక్కడెవరూ కూర్చోరు. తల్లీ కూతురూ చీకట్లో తల వంచుకుని వెళ్లి కూర్చున్నారు. శిరోమణి దాని చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. కేర్ హోమ్‌లో ముసలివాళ్ల చేతులు ఇలాగే రుద్దుతుంది, కాసేపటికి వెచ్చబడతాయి. ఇది వెచ్చబడలేదు. మణికట్టు దగ్గర, సూది పెట్టి ప్లాస్టర్ వేసిన చోట, ఇంకా జిగురు తగులుతోంది.

తెర మీద ఏదో జోకు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా ఆగిపోయాక జోసఫిన్ నవ్వింది. ఒక్కతే... గట్టిగా.

"తెలుగు ఎప్పుడు నేర్చుకున్నావే?" అని గుసగుసగా అడిగింది శిరోమణి.

"అమ్మమ్మ మాట్లాడుతుంటే విని."

అమ్మమ్మ, జోసఫిన్ పుట్టకముందే పోయింది. శిరోమణి ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. అయినా ఎక్కడో చిన్న ఆశ పుట్టింది. "అమ్మమ్మ దగ్గరే ఉంటున్నావా తల్లీ?"

"లేదమ్మా. అమ్మమ్మ లోపల ఉంది. నేను గుమ్మం బయట ఉన్నాను."

ఆసుపత్రి సీను వచ్చింది. ఈలలు ఆగిపోయాయి. వెనకెక్కడో మధుబాబు పాప ఒకసారి ఏడ్చి ఊరుకుంది. తెర మీద మానిటర్... బీప్... బీప్...

"అక్కడి గుమ్మంలో కూడా వయసు అడుగుతారమ్మా," అంది జోసఫిన్, తెర మీంచి చూపు తిప్పకుండా. "పెద్దవాళ్లు వస్తుంటారు, లోపలికి వెళ్లిపోతుంటారు. తలుపు తీసినప్పుడల్లా వెలుగు కనిపిస్తుంది. అమ్మమ్మ రమ్మని పిలుస్తుంది. నేను వెళ్లబోతే, నీకింకా నిండలేదు, తోడెవరు అంటారు. ఎవరూ లేరంటే పక్కన నిలబడమంటారు."

"అప్పట్నుంచీ... బయటే ఉన్నావా?"

"వాన పడుతూనే ఉంటుంది."

శిరోమణి గుండె చెరువైపోయింది. ఏ మాట పట్టుకుని రెండేళ్లు బతికిందో ఆ మాట చేతిలోంచి జారిపోయింది. చచ్చిపోయాక కూడా తన బిడ్డకి ఒక మూసిన తలుపే మిగిలింది.

"ఎవరే నిన్ను ఆపేది? ఎవరా జాలిలేని మనిషి?"

జోసఫిన్ తల తిప్పింది. తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నీలాగే ఉంటుందమ్మా. మొదట నువ్వే అనుకున్నాను... పరిగెత్తుకెళ్లి జాకెట్ పట్టుకున్నాను."

బీప్... బీప్...

"ఒక్కరు తోడొస్తే చాలంట. నువ్వొస్తావా?"

ఇంటి సంగతి, మొగుడి సంగతి, రేపటి సంగతి, ఏదీ శిరోమణికి గుర్తురాలేదు. కన్నబిడ్డ వానలో నిలబడి ఉందని తెలిశాక ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

"వస్తాను తల్లీ. వస్తాను."

"అయితే వెళ్లి చెప్పేస్తాను," అంటూ జోసఫిన్ చెయ్యి విడిపించుకుని లేచింది. దాని గొంతులో ఎంత సంతోషమో. తల్లి పట్టుకునేలోపే వరస దాటిపోయింది. శిరోమణి వెంటనే లేవబోయింది. కాళ్లు స్వాధీనంలో లేవు. తెర మీద ఎవరెవరో కొట్టుకున్నారు, ఏడ్చారు, ఒకటయ్యారు. సినిమా అయిపోయి దీపాలు వెలిగాకే ఆమె కాళ్లు కదిలాయి. పక్క సీటు తడిగా ఉంది.

ఫ్రెడ్రిక్ లాబీలో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జనం అతన్ని తప్పించుకుని వెళుతున్నారు. ఎవరో, సినిమా అదిరింది అంకుల్ అన్నారు. అతను వినలేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది, జల్లు లోపలికి కొడుతోంది. హాల్లోంచి వస్తున్న శిరోమణిని చూసి అతను ఉలిక్కిపడ్డాడు. వీధి తలుపు వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు చూశాడు.

"ఇటు వెళ్లినదానివి అటునుంచి ఎలా వచ్చావు?"

"నేనెటూ వెళ్లలేదండీ. లోపలే ఉన్నాను."

"అబద్ధమాడకు!" అతను హాలు తలుపు వైపు వేలు చూపించాడు. "పైన గదిలో ఉంటే జోసీ నవ్వు వినిపించింది. నా కూతురి నవ్వు నాకు తెలీదా? దిగి పరిగెత్తుకొచ్చాను. హాలు తలుపు దగ్గర నువ్వు నిలబడి ఉన్నావు. చెయ్యి అడ్డం పెట్టావు. నేను దాని నాన్నని, ఒక్కసారి చూడనివ్వు అని కాళ్లు పట్టుకున్నాను శిరోమణీ. నువ్వు కనీసం తల వంచి చూడలేదు."

శిరోమణి అతని పక్కన కూలబడింది.

"తర్వాత అది లోపల్నుంచి వచ్చింది," అన్నాడు. "దాని చెయ్యి పట్టుకుని వానలోకి తీసుకెళ్లిపోయావు. జడ చూశాను. మొహం చూడలేదు. ఒక్కసారి మొహం చూపిస్తే ఏం పోయేదే నీకు?" పెద్దమనిషి, చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె అతని తల గుండెకి ఆనించుకుంది. "అది నేను కాదండీ... నేను కాదు."

"నీ గొంతే. నేనూ వస్తానని వెంటపడితే, వెనక్కి తిరిగి నువ్వే అన్నావు. ఒక్కరు చాలు, తల్లి వస్తానంది, అని."

ఫ్రెడ్రిక్ తల ఎత్తాడు. కన్నీళ్లతోనే భార్య ముఖమంతా వెతికాడు. అప్పటిదాకా లేని భయమొకటి ఆ కళ్లలోకి వచ్చింది.

"ఎక్కడికి వస్తానన్నావు శిరోమణీ?"