ఆకుపచ్చ బిళ్ళ

తెర మీద హైమ కూతురు, మూడేళ్ల నిహారి ఒంటి బొమ్మ నెమ్మదిగా తేలింది. డాక్టర్ ఇందుమతి మీట నొక్కగానే వీపు మీద, తొడల మీద, మెడ వెనకాల ఎర్రటి మరకలు ఒక్కొక్కటే వెలిగాయి. పదకొండు నెలలుగా హైమ ఆ మరకల్ని చూస్తూనే లేస్తోంది, వాటిని చూస్తూనే పడుకుంటోంది. అయినా ఇలా, ఏడుపూ గోకుడూ లేకుండా వాటిని చూడటం ఆమెకి ఇదే మొదలు.

"ఇప్పుడు దద్దుర్లు తీసేస్తాను. వాటికి కారణమైనది ఒంటికి ఎక్కడెక్కడ తగిలిందో అంతవరకే ఉంచుతాను," అంది డాక్టర్.

మరకలు సన్నబడ్డాయి. వీపు మీద నాలుగు పొడుగాటి చారలు మిగిలాయి, పక్కన పొట్టిగా ఇంకొకటి. తొడ మీదా అవే. మెడ వెనకాలా అవే.

"ఇవి వేళ్లు కదా మేడమ్," అంది హైమ.

"వేళ్లే."

"ఎవరివి?"

డాక్టర్ చూపు బల్ల మీదికి వెళ్లింది. హైమ బల్ల మీదున్న తన చేతుల్ని ఒళ్లోకి లాక్కుంది.

ఆ చేతుల సంగతి పలాసలో ఎవరికైనా తెలుసు. జీడిపిక్కలు కొట్టే ఆడదాని చేతులు నల్లగానే ఉంటాయి. పిక్క పెంకులో ఒక నల్లటి నూనె ఉంటుంది, అది తగిలితే చర్మం కాలినట్టు ఊడిపోతుంది. ఈ రోజుల్లో పిక్కలు పగలగొట్టడానికి పెద్ద పెద్ద మిషన్లు వచ్చాయి. కానీ పప్పు బద్దలైపోకుండా గుండుగా బయటికి రావాలంటే మాత్రం ఇప్పటికీ ఆడవాళ్ల వేళ్లే కావాలి. అందుకే షెడ్డులో ప్రతి మనిషి పక్కనా ఒక ఆముదం గిన్నె ఉంటుంది. పది పిక్కలకోసారి వేళ్లు అందులో ముంచి, మళ్లీ పనిలో పడతారు.

ఇక డాక్టర్ రెండు వారాల కిందట పిల్లకి అంటించిన బిళ్ళ. దానికి పెద్ద ఇంగ్లీషు పేరే ఉంది కానీ ఊళ్లో అందరూ బిళ్ళ అనే అన్నారు. లేత ముంజలా మెత్తగా ఉంటుంది, మణికట్టుకి అంటించాలి. లోపల వేలకొద్దీ సెన్సర్లు. బెల్లం ఎక్కడుందో చీమకి ఎవరూ చెప్పరు కదా, అలాగే అది కూడా ఒంటికి తగిలిన ప్రతిదాన్నీ వాసన పట్టి గుర్తుపెట్టుకుంటుంది. రెండు వారాలు ఊరికే చూస్తుంది. ఏది తగిలాక చర్మం ఎర్రబడిందో లెక్క తేలాక, దొంగని పట్టేస్తుంది. ఆ తర్వాత దాని పని ఒక్కటే. దొంగ దూరంగా ఉంటే ఆకుపచ్చ. జానెడు దూరంలోకి వస్తే ఎరుపు.

"పెంకు నూనె," అంది డాక్టర్ ఇందుమతి మెల్లగా. "మీరు చేతులు కడుక్కునే పిల్లని ఎత్తుకుంటారని తెలుసు. గోళ్ల సందుల్లో, పగుళ్లలో కాస్త ఉండిపోతుంది. కానీ నాకు అర్థంకానిది ఒకటుంది. ఆ కాస్తకే ఇన్ని దద్దుర్లు రాకూడదు."

హైమ నేల చూస్తూ చెప్పింది.

"ఆముదం రాస్తాను మేడమ్. రోజూ స్నానానికి ముందు."

"ఆముదం మంచిదే. ఎక్కడ కొంటారు?"

"కొనను. షెడ్డులోది. పని దిగాక గిన్నెలో మిగిలింది సీసాలో పోసుకుంటాం, అది మా హక్కు. అన్నేళ్లుగా నా చేతుల్ని కాపాడింది కదా, పిల్ల ఒంటిని కాపాడదా అనుకున్నాను. దద్దుర్లు ఎక్కువైన రోజున ఇంకో పట్టు పట్టించేదాన్ని."

రోజంతా నల్ల వేళ్లు మునిగిన గిన్నె. మందు అనుకుని ఆ తల్లి పదకొండు నెలలుగా పిల్ల ఒంటికి రుద్దింది ఆ విషాన్నే. డాక్టర్ ఆ మాట పుస్తకంలో రాసుకుంది. తిట్టి ఉంటే హైమకి తేలికగా ఉండేది.

ఇంటికి వచ్చాక అత్త దాలమ్మ అంతా విని, అరుగు మీద కూలబడింది.

"అమ్మోరు అన్నాం, పాలు పడలేదన్నాం, పిల్లి బొచ్చన్నాం. ఆ పిల్లిని సంచిలో ఎట్టి రైలుగేటు అవతల ఒదిలేసొచ్చాను కదే. దానికేటి తెలుసు పాపం."

హైమకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే సీసా తీసుకెళ్లి పెరట్లో ఒంపేసింది.

నూనె మానేయగానే దద్దుర్లు సగానికి తగ్గాయి. మిగతా సగం హైమ చేతుల్లో ఉంది. సున్నిపిండితో రుద్దింది, చింతపండుతో తోమింది, నిమ్మచెక్కలు అరిగిపోయాయి. అయినా తను దగ్గరికి వెళ్లగానే నిహారి మణికట్టు మీది బిళ్ళ ఎర్రబడేది.

మూడేళ్ల పిల్లకి ఎవరూ ఏమీ నేర్పలేదు. నాలుగు రోజుల్లో తనే నేర్చుకుంది. అమ్మ వచ్చేది, బిళ్ళ ఎర్రబడేది, సాయంత్రానికి ఒళ్లు మండేది. ఐదో రోజు హైమ చేతులు చాచితే నిహారి ముందు మణికట్టు చూసుకుంది.

"ఎరుపు," అంది. వెళ్లి నాయనమ్మ చీర వెనక నక్కింది.

"ఓలే, అది మీయమ్మే," అంది దాలమ్మ.

"ఎరుపమ్మ," అంది పిల్ల.

దాలమ్మ నవ్వబోయి, కోడలి ముఖం చూసి మానేసింది. ఆ మర్నాడే హైమ షెడ్డు మానేసి బడి వంటగదిలో పనికి కుదిరింది. చేతుల చర్మం పూర్తిగా మారడానికి నలభై రోజులైనా పడుతుందని డాక్టర్ చెప్పింది. ఆ నలభై రోజులూ పిల్లకి నీళ్లు పోసింది దాలమ్మ, జడ వేసింది దాలమ్మ. హైమ గుమ్మం దగ్గర కూర్చుని పాటలు పాడేది. పాటకి బిళ్ళ రంగు మారదు కదా. ఎరుపంటే పిల్ల బెదురుతోందని నుదుటి మీది ఎర్ర బొట్టు తీసేసి ఆకుపచ్చది పెట్టుకుంది. వీధి చివర కొట్టు నడిపే లలితక్క అడిగింది, "ఏటే, ఏ పార్టీలో చేరావు?" అని.

నలభై మూడో రోజు హైమ చెయ్యి చాచింది. బిళ్ళ మారలేదు. నిహారి కాసేపు దాన్నే చూసింది, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి ఒళ్లో కూర్చుంది. కొత్తింట్లోకి వచ్చిన చుట్టంలా ఒద్దికగా కూర్చుంది. అయినా హైమకి అంతకంటే ఏం కావాలి. పిల్ల నెత్తి వాసన చూస్తూ, అన్నం పొయ్యి మీద ఉన్న సంగతి మరిచిపోయింది.

ఇంకో నెలకి డాక్టర్ ఇందుమతి బిళ్ళ తీసేసింది. ఒళ్లు నున్నగా ఉంది, దద్దురన్న మాటే లేదు. ఆ బిళ్ళ కోసం ఇంకెందరో పిల్లలు వరసలో ఉన్నారు. "మీ పిల్లకి ఇక దీని అవసరం లేదు," అంది డాక్టర్ సంతోషంగా.

ఆ సాయంత్రం హైమ చేతులు చాచింది. నిహారి మణికట్టు చూసుకుంది. అక్కడ గుండ్రటి తెల్ల మచ్చ తప్ప ఏమీ లేదు. మళ్లీ అమ్మని చూసింది. మళ్లీ మణికట్టు.

"రా అమ్మా. ఏం కాదు."

పిల్ల రాలేదు. మొండితనమూ లేదు, ఏడుపూ లేదు. రావచ్చో లేదో చెప్పేది ఏదీ లేదు, అంతే. కాసేపు నిలబడి, ఎప్పుడూ ఎర్రబడని నాయనమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. వారం రోజులూ అంతే.

ఎనిమిదో రోజున హైమ అద్దం ముందు నిలబడి, నుదుటి మీది ఆకుపచ్చ స్టిక్కర్ బొట్టు ఊడదీసింది. నిహారి చెయ్యి పట్టుకోకుండా, వేలి కొసతో, ఆ తెల్ల మచ్చ మీద అంటించింది. కాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

పిల్ల బొట్టుని చూసింది. మారుతుందేమో అని చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి ఒళ్లో కూర్చుంది.

మూడు నెలల తర్వాత పరీక్షకి వచ్చినప్పుడు డాక్టర్ దాన్ని చూసి ఆగిపోయింది.

"ఇదేమిటి?"

"బిళ్ళ మేడమ్. రోజూ పొద్దున్నే కొత్తది పెడతాను."

"ఇది ఏమీ కొలవదు కదా హైమా."

"నా చేతుల్లో కొలవడానికి ఏమీ మిగల్లేదు కదా మేడమ్. మీరే చెప్పారు."

డాక్టర్ ఇందుమతి పుస్తకంలో 'పూర్తిగా నయమైంది' అని రాయడానికి కలం తీసి, పేజీ అంతా ఒకసారి వెతికింది. చివరికి అదే రాసింది. రాయడానికి వేరే గడి లేదు.

బయట బెంచీ మీద హైమ కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. ఇప్పుడు చర్మం మారిన చేతులవి, మెత్తగా, తెల్లగా ఉన్నాయి. ఆ చేతులతో పిల్ల బుగ్గ నిమిరింది, ముఖం తన వైపు తిప్పుకుంది. ముఖం తిరిగింది.

నిహారి కళ్లు మాత్రం మణికట్టు మీదే ఉన్నాయి.