ఇరవై ఐదో సీసా

ఆదివారం పొద్దున్నే మిర్యాలగూడలోని ఆ రెండు గదుల ఇంట్లో నేలంతా ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలే. కాలు పెట్టే సందు లేక కాటమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“మా కోడలు బడికి పోతదో, పాత సామాన్ల బేరానికి పోతదో తెలుస్తలేదు,” అంది.

లత నవ్వింది. ఆమె గరిడేపల్లి మండలంలో సైన్స్ టీచర్. మర్నాడు మండలంలోని సైన్స్ టీచర్ల సమావేశం ఉంది. ఒక్కొక్కరూ తమ బడికి ఒక ఊపిరితిత్తి నమూనా పట్టుకెళ్లాలని ఇరవై ఐదు చేస్తోంది. సీసా అడుగు కోసి రబ్బరు పొర బిగించాలి. మూతలో గొట్టం, దాని చివర సీసా లోపల ఒక బెలూన్. కింద పొర లాగితే బెలూన్ ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది.

మూతలకు బెజ్జాలు పెట్టే పని మామ ఈదయ్యది. నలభై ఏళ్లు రైస్ మిల్లులో బస్తాలు మోసిన హమాలీ ఆయన. బస్తాను గుచ్చి లాగే ఇనుప కొక్కెం ఇప్పటికీ తలగడ కిందే ఉంటుంది. కొడుకు యుగంధర్‌ను చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ కొక్కెం మొననే ఇప్పుడు మూతలో గుచ్చి తిప్పుతూ, రెండు మూతలకోసారి ఆగి దగ్గుతున్నాడు.

“వానాకాలం వడ్లు దిగేసరికి ఈ దగ్గు ఖతమైతది. ఇగ నేను మిల్లుకు పోవుడే,” అన్నాడు.

లత తల వంచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మిల్లు దుమ్ముకు ఆయన ఊపిరితిత్తులు గట్టిపడ్డాయనీ, బాగుచేసే మందు లేదనీ, ఏడాది గడిస్తే గొప్పనీ హైదరాబాద్ డాక్టరు చెప్పి రెండు నెలలైంది. ముసలివాళ్లిద్దరికీ మాత్రం అలర్జీ అనీ, పథ్యం ఉంటే తగ్గుతుందనీ చెప్పారు. అది యుగంధర్ నిర్ణయం.

“ఇగ నావల్ల కాదు. మామ రోజూ మిల్లు ముచ్చటే తీస్తుండు. చెప్పేద్దాం,” అంది వెనకే వచ్చిన భర్తతో, మెల్లగా.

“చెప్తే ఏమొస్తది? మందున్నదా? ఉన్నన్ని దినాలు ధైర్యంగ ఉండనియ్యి.”

“మనం అబద్ధమాడితే ఆయనకు ధైర్యమా?”

“నువ్వు పాఠం చెప్పినట్టు చెప్పేస్తవ్. ఆ మొఖం చూడాల్సింది నేను. నా చదువు కోసం ఆ వీపు మీద ఎన్ని బస్తాలు ఎక్కినయో నీకెరుకేనా? నా మీద ఒట్టు. చెప్పకు.”

ఒట్టు అనేసరికి లత కళ్లు తుడుచుకుని మళ్లీ వచ్చి కూర్చుంది.

ఈదయ్య చేతిలో వరస చివరనున్న ఇరవై ఐదో సీసా ఉంది. నిన్న పని నేర్చుకుంటూ ఆయనే అంటించాడు. బంక ఎక్కువై బెలూన్ మీదంతా కారి ఎండిపోయింది. ఆయన పొర లాగాడు. బెలూన్ కదల్లేదు. మళ్లీ లాగాడు.

“గీ బుగ్గ ఎందుకు ఉబ్బుతలేదు బిడ్డా?”

“బంక పట్టి గట్టిపడ్డది మామా.”

“నూనె రాస్తే మెత్తగైతదా?”

“కాదు మామా. ఇగ మెత్తగ కాదు.”

అన్నాక గానీ తన నోటి నుంచి ఏం వచ్చిందో లతకు తెలియలేదు. ఈదయ్య సీసాను ఛాతీకి ఆనించుకున్నాడు. పొర లాగుతూ తనూ ఊపిరి లాగాడు. ఛాతీలో గర్రుమంది. బెలూన్ అలాగే ఉంది.

“నాది గిట్లనే అయ్యిందా?”

‘నేను చెప్పానని కాదు, మీరు చూసింది చెప్పండి’ అని రోజూ పిల్లలకు నేర్పే మనిషి ఆమె. ఆయన చూసేశాడు. ఇక కాదని ఎలా అంటుంది?

“అయ్యింది మామా,” అంది.

“లతా!” వంటింటి గుమ్మంలోంచి యుగంధర్ అరిచాడు. “ఒట్టేసిన గదా నీకు!”

ఈదయ్య చెయ్యెత్తాడు. “పిల్లనేమనకు. నువ్వు చెప్పలేదేందిరా? పథ్యం తప్పుతున్ననేమో, అందుకే తగ్గుతలేదేమోనని పచ్చడి మానేసిన. మజ్జిగ మానేసిన. తప్పంత నాదే అనుకుని రెండు నెలల సంది పరేషాన్ అయితున్న.”

తండ్రి పచ్చడి వద్దన్నప్పుడల్లా యుగంధర్ మంచిదే అనుకున్నాడు. పాపం, కడుపు మాడ్చుకున్నది ఇందుకని తెలియదు. సీసాల మధ్యే కూలబడి తండ్రి మోకాళ్లు పట్టుకుని భోరుమన్నాడు. “నీకు చెప్పే ధైర్యం నాకు లేకపాయె నాయినా.”

కాటమ్మ గ్లాసులు కింద పెట్టి భర్త పక్కన కూర్చుంది. ఈదయ్య చాలాసేపు కొడుకు తల నిమిరాడు. తర్వాత కొక్కెం అతని చేతిలో పెట్టాడు.

“ఇంక ఆరు మూతలున్నయ్. నువ్వు గుచ్చు. నాకు దమ్ము చాలదు.”

యుగంధర్ దాన్ని జీవితంలో మొదటిసారి పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లకు చూపు ఆనక మొన రెండుసార్లు జారింది. లత బెలూన్ గట్టిపడిన సీసాను అవతల పారేయబోతే ఈదయ్య ఆపాడు.

“ఉండనియ్యి బిడ్డా. మంచిదొక్కటే చూపెడితే పిల్లలకేం తెలుస్తది? మిల్లు హమాలీల పిల్లలుంటరు. గిది గూడ చూపెట్టు.”

ఆఖరి మూతకు బెజ్జం పడ్డాక కొక్కెం అడిగి తీసుకున్నాడు. పంచె కొంగుతో తుడిచాడు. తలగడ వైపు ఒకసారి చూసి, లత అట్టపెట్టెలో, సీసాల పక్కన పెట్టాడు.

“నీ దగ్గరనే ఉండనియ్యి,” అన్నాడు. “ఇగ మిల్లుకు పోయేది లేదు గదా.”