స్పీడ్ బ్రేకర్ దగ్గర దిగాలి

కారు స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆనించి ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. వెనక స్కూటర్ మీదున్న అమ్మాయి హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, దిగి వచ్చింది.

"ఏమండీ, ఇది కారా, కార్పెట్టా?"

అతను అద్దం దించాడు. "కారు నేలకి దగ్గరగా ఉండాలని లోయరింగ్ స్ప్రింగ్స్ వేయించానండీ. వీల్స్ కూడా పెద్దవి. దీన్ని స్టైల్ అంటారు."

"మా క్లినిక్‌లో నడుంనొప్పి అంటారు."

ఆమె ఫిజియోథెరపిస్ట్. అతను లిఫ్టులు బిగించే ఇంజనీరు. పగలంతా జనాన్ని పైకెత్తడం ఉద్యోగం, జీతం రాగానే కారును కిందికి దించడం సరదా. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకుని బర్రుమంటుంది. అయినా వానలో ఆ వీల్స్ మెరుపు చూసుకుని మురిసిపోతాడు. కాకి పిల్ల కాకికి ముద్దు.

ఆ రోజు ఆమే వెనక నుంచి తోసి కారును గట్టెక్కించింది. తర్వాత ఒక వానరోజు ఆమె స్కూటర్ మొరాయిస్తే అతను ఎక్కించుకున్నాడు. ఇద్దరి దారీ ఒకటే కావడంతో అది అలవాటైపోయింది. షరతు ఒక్కటే. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆమె దిగి, నడిచి దాటి, మళ్లీ ఎక్కాలి. అతను బండిని ఏటవాలుగా తిప్పి, ఊపిరి బిగబట్టి దాటిస్తాడు.

"ప్రేమంటే కలిసి నడవడం అంటారు. ఇక్కడ నడక నా ఒక్కదానిదే," అందామె ఒకరోజు.

ప్రేమ అన్న మాటకి అతని గుండె ఝల్లుమంది. నోటి నుంచి ఊడిపడింది మాత్రం వేరు. "బంపర్ కింద లిప్ విరిగిపోతుందని..."

లిప్ అంటే బంపర్ కింద అతను ముచ్చటపడి తగిలించుకున్న నల్లటి ప్లాస్టిక్ అంచు.

"నన్ను దించకుండా ఒక్కసారి దాటించు. అప్పటిదాకా నీ మనసులో మాట నాకు చెప్పకు."

ఆమె ఇల్లున్న వీధి చివరి స్పీడ్ బ్రేకర్ ఆమె తండ్రి ఆఫీసుల చుట్టూ తిరిగి వేయించుకున్నది. కూతురు రోజూ అక్కడ దిగిపోవడం, వెనకే కారు పాక్కుంటూ రావడం ఆయన బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఒకనాటి ఉదయం గేటు దగ్గర కాపు కాశాడు.

"ఏమయ్యా, రోజూ నా కూతురితో పోట్లాడి దించేయడం, వెంటపడి బతిమాలుకోవడం! ఏమిటీ వేషాలు?"

"పోట్లాట కాదు నాన్నా. ఈ కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కలేదు," అంది ఆమె.

"చెవిలో పువ్వు పెట్టకు. పద, నేనే చూస్తా."

ఆయన ముందు సీట్లో కూలబడ్డాడు. ఆ కార్లో కూర్చోవడమంటే అంతే. ఆమె వెనక ఎక్కింది.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. "అంకుల్, కాస్త దిగాలి."

ఆయన ఒక కాలు బయటపెట్టాడు. మోకాళ్లు సహకరించలేదు. డోరు పట్టుకుని లేవబోయి మళ్లీ సీట్లో పడ్డాడు. వెనక బస్సు హారన్ మోగించింది. రోడ్డు పక్క ఇద్దరు నవ్వారు. పెద్దాయన మొహం ఎర్రబడింది.

అతను తన బంపర్ వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన వైపు చూశాడు.

"కాలు లోపల పెట్టుకోండి అంకుల్."

కింద కర్రుమంది. ముందు ఫట్‌మంది. కన్నబిడ్డ చెవి ఎవరో మెలిపెట్టినట్టు మొహం పెట్టి, కారు ఆపకుండా దాటించేశాడు.

ఆమె దిగి, విరిగిపడ్డ లిప్ ఏరుకొచ్చి అతని చేతిలో పెట్టింది. కళ్లు నవ్వుతున్నాయి, కాస్త తడిగా కూడా ఉన్నాయి.

"దించకుండా దాటించావుగా. చెప్పు ఇప్పుడు."

"నువ్వంటే ప్రాణం. దీనికన్నా ఎక్కువ."

"వీల్స్ కన్నా?"

"వీల్స్ కన్నా."

"స్ప్రింగ్స్ కన్నా?"

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. ఆమె కనుబొమలు లేచాయి.

"కన్నా, కన్నా!"

"మీ ముచ్చట్లు ఆపి ముందు నన్ను లేపండర్రా!" లోపల్నుంచి కేక వినిపించింది.

ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగారు. ఆయన నిలబడి, చొక్కా సర్దుకుని, కూతురి మొహం చూశాడు. విరిగిన ముక్కనూ చూశాడు.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ."

అతనికి ఒళ్లంతా పులకరించింది. "తప్పకుండా అంకుల్!"

"ఈ కార్లో మాత్రం కాదు."