కళ్లు పెట్టని రాణి

మా నిర్మల్‌లో బొమ్మను ముఖం చూసి కొంటారు. అలాంటిది, కరీంనగర్ వ్యాపారి విక్రాంత్ ఆటబొమ్మలన్నీ మూసిన డబ్బాల్లో కావాలన్నాడు. బల్ల మీద యుద్ధం ఆడుకునే వేలెడంత కర్రబొమ్మలు. సిపాయిలు, రౌతులు, ఏనుగులు. నూట ఇరవై డబ్బాలకు ఒక్కటే రాణి.

"ఇప్పేదాక లోపల ఏమున్నదో తెల్వొద్దక్కా. గదే మజా," అన్నాడు.

మజా లేదనను. మూతి వంకరపోయిన సిపాయి కూడా అమ్ముడుపోతాడు. పిల్లలు ఒకే రకం రెండొస్తే మార్చుకుంటారు, దోస్తులవుతారు. కానీ ఐదు డబ్బాలు విప్పినా అదే సిపాయి వస్తే ఆ ఏడుపు ఎవరు వినాలి? ఇంతా చేసి రంగులద్దిన ముఖాన్ని అట్టలో దాచడమేమిటి? నాకైతే ఒళ్లు మండిపోయేది. పైగా మా ఎనిమిదేళ్ల సృజన, ఒక్క డబ్బా విప్పుతానని వారం నుంచి ప్రాణం తీస్తోంది. దాని ఎడమ కంటి తెల్లగుడ్డులో నువ్వుగింజంత మచ్చ ఉంది. అలిగితే ఆ కన్నే ముందు ఎర్రబడుతుంది.

రాణిని చెక్కింది మా మామ లక్ష్మణ్. మా ఇంట్లో ఎవరు చెక్కిన బొమ్మకు వాళ్లే కళ్లు పెట్టాలి, రంగులన్నీ ఆరాక చివరన. మామ కళ్లు పెడదామని కుంచె అందుకున్నాడు, అలాగే ఒరిగి ప్రాణం వదిలాడు. పదకొండో రోజున సోన్ ఊరి దగ్గర గోదావరిలో వదలడానికి అత్త శంకరవ్వ ఆ రాణిని పసుపు గుడ్డలో చుట్టి కిటికీలో పెట్టింది.

తయారైన బొమ్మకే మేం గుడ్డ చుడతాం, రంగు గీసుకుపోకుండా. నా భర్త రాంచందర్ అది చూసి, గుడ్డతో సహా డబ్బాలో పెట్టి అతికించేశాడు.

పదో రోజు సాయంత్రం వాన. కరెంటు పోయింది. కిటికీ ఖాళీగా ఉండడం అత్త అప్పుడు చూసింది.

"అన్నీ ఇప్పుండ్రి," అంది గుసగుసగా. "చేతికి గుడ్డ తగిలితే మాత్రం గుడ్డ తియ్యకుండ్రి. కండ్లు లేని బొమ్మ, ఎవరు ముందుగాల చూస్తే వాళ్ల కండ్లే తీసుకుంటది."

"జర అడగాల్నని తెల్వదా నీకు?" అని రాంచందర్ మీద అరిచాను.

"బాపు కండ్లు పెట్టిండనుకున్ననే..."

బయట ఏ గుర్తూ లేదు. అన్నీ ఒకే రకం డబ్బాలు. చీకట్లో చింపడం, పొట్టులో వేళ్లు పెట్టి తడమడం. కర్రపొట్టు వాసన, రంగు వాసన. సిపాయి. మళ్లీ సిపాయి. ఏనుగు. సిపాయి! ఏడుపొచ్చింది నాకు. ఈ మాయదారి డబ్బాలు కనిపెట్టినవాణ్ణి నోరారా తిట్టాను.

అప్పుడు వినిపించింది. గర్... గర్... గోటితో అట్టను గీరుతున్నట్టు.

ముగ్గురం ఆగాం. అదీ ఆగింది.

మళ్లీ చింపాం. మళ్లీ గర్... గర్... ఈసారి డబ్బాల గుట్టలోంచి కాదు. గడప వైపు నుంచి.

ఆఖరి డబ్బాలోనూ సిపాయే. "నూట పందొమ్మిది," అన్నాడు రాంచందర్.

ఇంకొకటి...

"సృజనా!"

"అమ్మా, నాకు రాణి వచ్చింది!" గడప దగ్గర నవ్వింది నా బిడ్డ.

పడుతూ లేస్తూ పరిగెత్తాను. అంతలో కరెంటు వచ్చింది. గడప మీది బల్బు భగ్గున వెలిగింది. సృజన ఒళ్లో చిరిగిన డబ్బా, విప్పేసిన పసుపు గుడ్డ. బొమ్మను లాక్కున్నాను.

రాణికి కళ్లున్నాయి. రంగు ఇంకా తడిగా ఉంది, నా బొటనవేలికి అంటింది. ఎడమ కంటి తెల్లగుడ్డులో నువ్వుగింజంత మచ్చ.

"ఎవరు పెట్టిండ్రు బిడ్డా గీ కండ్లు?"

సృజన నా గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. బల్బు సరిగ్గా దాని ముఖం మీదే వెలుగుతోంది. రెప్ప కూడా వేయలేదు.

"అమ్మా... కరెంటు ఎప్పుడొస్తది?"