అందరికీ ఒకటే పిలుపు

పొద్దున ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లకి ఒకటే అద్దం. రోజూ దాని ముందు చిన్న సైజు యుద్ధం జరుగుతుంది. ఆ రోజు మాత్రం అద్దం ఖాళీగా ఉంది. కోడలు టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. టీ తాగకుండానే చల్లారిపోయింది.

పది గంటలకి లాండ్రీ మేనేజరు గదిలో విచారణ. నిలబెడుతున్నది అత్తగారిని. సాక్ష్యం చెప్పాల్సింది తను.

అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. అత్తగారు అక్కడ పాత మనిషి. ఆవిడ చెయ్యి పట్టుకునే కోడలు పనిలో చేరింది, నిరుడు సూపర్‌వైజరు అయింది. షిఫ్టు మొదట్లో సూపర్‌వైజరు గోడ మీద బోర్డు వైపు తిరిగి, "మడతలకి ఇద్దరు! ఇస్త్రీకి ముగ్గురు!" అని పిలవాలి. ముందు పలికినవాళ్లకి ఆ బల్ల. పలకనివాళ్లకి చివర మిగిలింది. మిగిలేది ఎప్పుడూ తడిబట్టలే. నీళ్లోడే దుప్పట్లు తొట్టిలోంచి లాగుతుంటే భుజాలు ఊడివస్తాయి. కొన్ని నెలలుగా ఆ తొట్టి దగ్గర అత్తగారే ఉంటోంది.

ఈమధ్య మేనేజరు వెనకనుంచి కేకేస్తే ఆవిడ పలకలేదు. మళ్లీ ఓసారి మిషన్ ఆపమంటే ఆపలేదు. "పిలిస్తే పలకదు, పొగరు" అని నోటీసు ఇచ్చారు. ఇవాళ విచారణ పేరు చెప్పి ఇంటికి పంపేస్తారని హాలంతా అనుకుంటున్నారు.

నిన్న సాయంత్రం మేనేజరు కోడల్ని పక్కకి పిలిచాడు. "అందరినీ ఒకేలా పిలుస్తానని చెప్పు చాలు. అబద్ధమేం కాదుగా?"

అబద్ధం కాదు. రాత్రంతా కంటి మీద కునుకు లేకుండా చేసింది ఆ నిజమే.

"వదినా, ఏం చెప్పబోతున్నావ్?" ఆడపడుచు వచ్చి అడిగింది. లా పూర్తిచేసి ఓ లాయరు దగ్గర పని నేర్చుకుంటోంది. ఇంట్లో అందరూ లాయరమ్మ అంటారు, సగం గర్వంగా, సగం ఎగతాళిగా.

"జరిగింది చెప్తా. అందరికీ ఒకటే పిలుపు. అత్తగారని మడతల బల్ల ఇస్తే ఊరుకుంటారా? అత్తాకోడళ్ల రాజ్యం అని కోడై కూస్తారు."

"అందుకని అమ్మని తొట్టికి రాసిచ్చేశావా?"

"నేను రాసివ్వలేదమ్మా! ఆవిడ పలకలేదు, అదే మిగిలింది."

"ఎందుకు పలకలేదో తెలీదా?"

కోడలు చల్లారిన టీ సింకులో పారబోసింది.

అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏంటే, నా సంతాపసభ ఇప్పుడే పెట్టేశారా?"

"అమ్మా, ఇవాళైనా నీకు వినపడదని చెప్పు. చెబితే ఆ పిలిచే పద్ధతి మార్చాల్సింది వాళ్లే."

ఆవిడ మొహం గంటు పెట్టుకుంది. "నాకేం, బానే వినపడుతుంది. అయినా జీతంలో పైసా తగ్గించలేదు. ఇంక నాకు నష్టమేంటి?"

"జీతం తగ్గితేనే నష్టమని చట్టం అనదమ్మా. అందరికీ ఒకటే రూలు పెట్టినా, మిగతావాళ్ల కన్నా అది నీ మీద ఎక్కువ బరువుగా పడుతోందా అని చూస్తుంది. అలా పడితే నిన్ను ప్రతికూల స్థితిలో పెట్టినట్టే. కావాలని చేశారా అని కూడా అడగదు."

"ప్రతికూల స్థితా! అంటే పనికిరానిదాన్నని కాగితం రాయించుకోవాలా? చెవిటిది అని ముద్ర పడ్డాక రేపణ్నించి పనిలో ఉంచుకుంటారా?"

"లోపం నీలో ఉందని కాదే అమ్మా! పిలిచే పద్ధతిలో ఉందని!"

"నీ చదువు నీ దగ్గరే ఉంచుకో." అత్తగారు విసురుగా తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

టైమయిపోతోంది. కోడలు గుమ్మం పక్కనున్న స్విచ్ రెండుసార్లు నొక్కింది. వంటింట్లో లైటు ఆరి వెలిగింది. "వస్తున్నా, వస్తున్నా" అంది అత్తగారు, వెనక్కి తిరక్కుండానే.

"ఇప్పుడేం చేశావ్ వదినా?" ఆడపడుచు నెమ్మదిగా అడిగింది.

కోడలు చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ మనసు నొచ్చుకుంటుందని ఇవాళ్టిదాకా ఒక్కరూ పైకి అనలేదు, చెయ్యడం మాత్రం అందరూ చేస్తున్నారు.

"ఇంట్లో ఇంత చేస్తావు. మరి హాల్లో? కడుపుతో ఉన్న ఆ ఇస్త్రీ అమ్మాయికి ఎవరూ అడక్కుండానే స్టూలు వేశావని నువ్వే చెప్పావుగా."

"ఆ పిల్ల పరాయిది కాబట్టి వేశాను!"

మాట నోరు జారాక కోడలికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పరాయిదానికి చేసిన పాటి కూడా అయినవాళ్లకి చెయ్యలేదు. ఎవరో ఏదో అంటారని భయపడి అత్తగారిని తడిబట్టల దగ్గర వదిలేసింది. పైగా దానికి న్యాయం అని పేరు పెట్టుకుంది.

మేనేజరు గదిలో ఫ్యాన్ కిరకిరలాడుతోంది. అత్తగారు కుర్చీ అంచున కూర్చుని అందరి పెదాలూ చూస్తోంది.

"చెప్పమ్మా. అందరినీ ఒకేలా పిలిచావా?"

"పిలిచానండి." కోడలు అత్తగారికి తన పెదాలు కనపడేలా తిరిగి నిలబడింది. "బోర్డు వైపు తిరిగి, మిషన్ల హోరులో పిలిచాను. ఆవిడకి వినపడదు. అది నాకు తెలుసు. తెలిసే అలా పిలిచాను."

మేనేజరు కలం కింద పెట్టాడు. "తెలిసీ చెప్పలేదా? నీ సూపర్‌వైజరు పని ఉంటుందనుకుంటున్నావా?"

"తీసేస్తే తీసేయండి. ఆవిడది పొగరని మాత్రం రాయకండి. పిలవడం మానేసి ఎవరికి ఏ బల్లో రోజూ బోర్డు మీద వంతులవారీగా రాస్తే సరిపోతుంది. ఆపడానికి మిషన్ మీద ఎర్రలైటు పెడితే అందరికీ పనికొస్తుంది. మా ఆడపడుచు లాయరు దగ్గర పనిచేస్తుందండి. ఇది మామూలు నోటీసుతో పోయేది కాదంది."

ఆ చివరి మాటకి ఆయన నోటీసు ఇంకోసారి చదివాడు. నోటీసు పక్కన పెట్టి, "రేపణ్నించి బోర్డు మీద రాయి. నీ సంగతి తర్వాత చూస్తాను" అన్నాడు.

బయట వరండాలో అత్తగారు ఆగిపోయింది. "నాకు వినపడదని నీకు ముందునుంచీ తెలుసా?"

"తెలుసు అత్తయ్యా."

"నేనేమనుకున్నానో తెలుసా నీకు?" అంది ఆవిడ. "నాకు అందకూడదనే నువ్వు కావాలని అటు తిరిగి నోట్లోనే గొణుగుతున్నావనుకున్నాను. నా కోడలికి నామీద ఏదో కోపం ఉంది, అందుకే తొట్టి దగ్గరికి తోస్తోంది అనుకున్నాను."

"మరి ఒక్కసారైనా అడగలేదే?"

"ఎలా అడగనే? కాపురం చేసుకుంటున్న పిల్లవి. తొట్టి దగ్గర గొడవ ఇంట్లోకి తేవడం ఎందుకని ఊరుకున్నా."

కోడలికి ఏడుపు ఆగలేదు. నీళ్లలో నాని పగిలిన ఆ వేళ్లని రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి ఆనించుకుంది. అద్దాల తలుపు వెనక హాలంతా పని ఆపి ఇటే చూస్తోంది.

"ఊరుకో పిచ్చిదానా, సూపర్‌వైజరువి. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి అత్తయ్యా," అంది కోడలు. ఆ చేతులు వదల్లేదు.